పంతొమ్మిది శనివారాలు

1978 జూన్ 19, సోమవారం, వరంగల్‌లోని ఒక ప్రభుత్వ బాలికల ఉన్నత పాఠశాలలో లైబ్రేరియన్‌గా చేరాను. అంతకు ముందు ఆరేళ్ళు డోర్నకల్‌లో ఇదే పని చేశాను. అక్కడ కిటికీ అవతల గూడ్సు బండ్లు ఆగేవి, పుస్తకాల మీద బొగ్గు నుసి పడేది. ఇక్కడ నుసి లేదు, చెదలు ఉన్నాయి.

స్కూలు లైబ్రేరియన్ పని బయటివాళ్ళకు తీరిక పనిలా కనిపిస్తుంది. ఆ పని చార్జి తీసుకోవడంతో మొదలవుతుంది. బడికి వచ్చిన ప్రతి పుస్తకానికీ యాక్సెషన్ రిజిస్టర్‌లో ఒక వరుస నంబరు ఉంటుంది. ఆ నంబర్లు ఒక్కొక్కటే చదువుతూ, పుస్తకాన్ని చేత్తో పట్టుకొని చూసి, టిక్కు పెట్టి, ఆఖర్న సంతకం చెయ్యాలి. సంతకం పెట్టిన గడియ నుంచి ఆ పుస్తకాలకు జవాబుదారీ మనది. నాకు పదకొండు పనిదినాలు పట్టింది. రిజిస్టర్‌లో 2,316 ఉన్నాయి, బీరువాల్లో 1,874 ఉన్నాయి. తేడా 442. వీటిలో కొన్నింటికి అట్టలు మాత్రం దొరికాయి. అట్టను పుస్తకంగా లెక్కపెట్టడానికి నేను ఒప్పుకోలేదు.

నాకు ముందు లైబ్రరీ చూసింది కుట్టు టీచరు. ఆమెది తప్పని అనను. పోయిన పుస్తకానికి చార్జిలో ఉన్నవాళ్ళే పూచీ పడాలి కాబట్టి, చాలా బడుల్లో చేసే పనే ఆమె చేసింది. ఆరు బీరువాలకూ తాళాలు వేసి, చెవుల గుత్తి నడుముకు దోపుకుంది. ఎవరికి ఏ పుస్తకం ఇచ్చారో రాసే ఇష్యూ రిజిస్టర్‌లో 1977-78కి మొత్తం నలభై ఒక్క పద్దులు ఉన్నాయి. అందులో ఇరవై తొమ్మిది టీచర్లవి. బడి మొత్తానికి, ఏడాది మొత్తానికి, పిల్లల చేతికి వెళ్ళినవి పన్నెండు.

మొదటి సంవత్సరం ఆ బీరువాలన్నీ తెరిచిపెట్టాను. ప్రతి సెక్షన్‌కూ వారానికొక లైబ్రరీ పీరియడ్ వేయించాను. పిల్లలు వచ్చి కూర్చుని లెక్కల హోంవర్క్ చేసుకునేవాళ్ళు. వాళ్ళకు పుస్తకం తీసి చదివి వినిపించాను. నా చదువు స్పష్టంగా ఉంటుంది, ఎక్కడా తడబడను. రెండో పేజీకి వెనక వరుస ఆవలించేది, నాలుగో పేజీకి ముందు వరుస. ఆ సంవత్సరం ఇష్యూలు 187.

1979 జూన్‌లో బడి తెరవగానే హెడ్మిస్ట్రెస్ సుశీలాబాయి గారు నన్ను పిలిచారు. ఎనిమిదో తరగతికి కొత్త సెక్షన్ వచ్చిందని, వాళ్ళు వరండాలో కూర్చుంటున్నారని, వానాకాలం వచ్చిందని చెప్పారు. లైబ్రరీ గది ఖాళీ చేసి బీరువాలు స్టాఫ్‌రూముకు మార్చమన్నారు. ఆమె అడిగింది న్యాయమే. నేను ఒక ఏడాది గడువు అడిగాను. ఫిబ్రవరిలో వార్షిక ఇన్‌స్పెక్షన్ ఉంటుంది, లైబ్రరీ నడుస్తున్నదని ఇన్‌స్పెక్టర్ గారు రాస్తే గది ఉంటుంది, రాయకపోతే నేనే బీరువాలు మోయిస్తాను అన్నాను. ఆమె ఒప్పుకున్నారు. ఇంకో మాట కూడా అన్నారు. ఇన్‌స్పెక్టర్ గారు బాగా రాస్తే లైబ్రరీ అటెండర్ పోస్టు ఒకటి అడగవచ్చునని, వస్తే అది ఏలీశమ్మకు ఇప్పిస్తానని.

ఏలీశమ్మ బడి ఊడ్చే మనిషి. అప్పటికి నలభై నాలుగేళ్ళు. కంటింజెంట్ మీద పనిచేసేది, అంటే పని ఉంటుంది కానీ పోస్టు ఉండదు, స్టాఫు హాజరు పట్టీలో పేరు ఉండదు. తొమ్మిదేళ్ళుగా అట్లాగే చేస్తున్నది. వేసవి సెలవుల్లో బడి మూతపడితే ఆమె పనీ మూతపడేది. ఏప్రిల్ ఆఖర్న మోకాళ్ళ నొప్పులతో రఘునాథపల్లిలో తల్లిగారింటికి పోయి, జూన్ దాకా ఎండలో కూలి చేసేది. పర్మినెంట్ అయితే ఆ రెండు నెలలు ఇంటిపట్టున ఉండవచ్చు. ఆమెకు కావలసింది అది. సుశీలాబాయి గారు చెప్పిన మాట ఆ సాయంత్రమే ఆమెకు చేరింది. మర్నాటి నుంచి లైబ్రరీ గదిని రోజుకు రెండుసార్లు ఊడ్చింది.

జూలై 12, గురువారం, మధ్యాహ్నం పెద్ద వాన. ఏడో తరగతి బి సెక్షన్ టీచరు సెలవు. పిల్లలు వరండాలో గోడకు ఆనుకొని కూర్చున్నారు. మధ్యలో ఏలీశమ్మ, చీపురు పక్కన పెట్టుకుని ఏదో చెబుతున్నది. ఆమె ఒక వాక్యం అనడం, నలభై మంది ఒక్కసారిగా "ఊ" అనడం. గది తలుపు దగ్గర నిలబడి విన్నాను. మధ్యలో ఒకసారి ఊ పలచబడింది. ఆమె వెంటనే ఆపింది.

"ఊ కొట్టకుంటె నేనెవలికి చెప్తాన్న? గోడకా? గోడకు చెప్పేదుంటె ఇంటికాడ్నె చెప్పుకుందును."

పిల్లలు నవ్వి మళ్ళీ ఊ అందుకున్నారు.

తర్వాత అడిగితే వివరం చెప్పింది. వాళ్ళ ఊళ్ళో కలుపు తీసేటప్పుడు ఒకామె కథ చెబుతుంది, మిగతావాళ్ళు ఊ కొడతారు. ఊ ఆగితే కథ ఆగుతుంది. కథ ఆగితే నడుములు నొప్పి పెట్టడం తెలుస్తుంది. అందుకని ఎవరూ ఊ ఆపరు. ఏలీశమ్మకు చదువు రాదు. ఆదివారం చర్చిలో పాటలు కూడా విని నేర్చుకున్నవే. కానీ ఒకసారి విన్న కథ ఆమెకు పోదు.

ఒక ఏర్పాటు చేశాను. శుక్రవారం బడి వదిలాక నాలుగున్నరకు లైబ్రరీ పుస్తకం ఒకటి ఆమెకు చదివి వినిపిస్తాను. శనివారం ఆఖరి పీరియడ్‌లో ఆమె ఆ కథ పిల్లలకు చెబుతుంది. పుస్తకం బల్ల మీద ఉంటుంది. జూలై 21న మొదలుపెట్టాం.

మొదటి కథ ఒక పలచని పుస్తకంలోది. పగలని కుండ తెమ్మని రాజు ఒక కుమ్మరామెను ఆజ్ఞాపిస్తాడు. కొనడానికి కోపం రాని రాజును తెమ్మని ఆమె జవాబు చెబుతుంది. రాజు సిగ్గుపడి బంగారు కడియం ఇస్తాడు. ముప్పై రెండు పేజీలు, బొమ్మలతో సహా. ఏలీశమ్మ చెప్పినప్పుడు కుమ్మరామె కుండ నెత్తిన పెట్టుకొని డోర్నకల్‌లో రైలెక్కింది. టీసీ వచ్చి, నీకు టికెట్టుంది సరే, కుండకేదీ అన్నాడు.

"కుండకు కాళ్ళున్నయా సారూ, నడిచొచ్చెతందుకు? నేను మోసుకొత్తాన్న. నీ నెత్తిమీద టోపున్నది. దానికి టికెట్టు దీసినవా?"

ఆ ఊ నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆఖర్న రాజు కడియం ఇవ్వలేదు. కుమ్మరామె ఇంటికి ధర్మసాగర్ చెరువు నుంచి నల్లా వేయించాడు, రోజుకు రెండు పూటలా నీళ్ళు వచ్చేట్టు. మా బడి పిల్లల వాడల్లో నల్లా దగ్గర క్యూ కట్టని పిల్ల లేదు కాబట్టి, అది బంగారం కన్నా పెద్ద బహుమానంగా వినిపించింది.

సోమవారం ఉదయం యాదలక్ష్మి అనే ఏడో తరగతి పిల్ల ఆ పుస్తకం తీసుకుంది. మంగళవారం తిరిగి తెచ్చింది. ముఖం గంటు పెట్టుకొని ఉంది.

"మేడం, గీ పుస్తకంల టీసీ లేడు. ఎవలో పేజీలు చింపిండ్రు."

నేను పేజీలు లెక్కపెట్టి చూపించాను. ముప్పై రెండూ ఉన్నాయి.

"అయితె పుస్తకమే తప్పు," అంది.

పక్కపిల్ల ఒప్పుకోలేదు. ఏలీశమ్మ పెద్దమ్మే కలిపింది అన్నది. యాదలక్ష్మి దానితో మూడు రోజులు మాట్లాడలేదట. మూడో పిల్ల తీర్పు చెప్పడానికి పుస్తకం తీసుకుంది, నాలుగో పిల్ల ఆ తీర్పు తప్పని నిరూపించడానికి. ఆ పలచని పుస్తకం ఆగస్టులో పదిహేడుసార్లు ఇష్యూ అయింది. నెల మొత్తం మీద తొంభై ఆరు. సెప్టెంబరులో నూట ముప్పై ఒకటి. అక్టోబరులో దసరా సెలవులు పోగా ఎనభై ఎనిమిది. చదవడానికి కాదు, తేడా పట్టుకోవడానికి తీసుకున్నారు. కానీ చదవకుండా పట్టుకోవడం కుదరదు కదా.

ఇంత స్పష్టంగా ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు నాకు ఇది తెలియలేదు. ఇష్యూలు పెరగడం నా ఏర్పాటు వల్ల అనుకున్నాను. ఏలీశమ్మ కలిపేవి మాత్రం నాకు పంటి కింద రాయిలా ఉండేవి. నవంబరు మొదటి వారంలో స్టాఫ్‌రూములో తెలుగు టీచరు అందరి ముందూ, మా లైబ్రరీ పుస్తకాల్లో రాజులంతా ఈ మధ్య రైలెక్కుతున్నారట, వాళ్ళకు పాసులు నేనే ఇస్తున్నానా అని అడిగింది. అందరూ నవ్వారు. ఆ శుక్రవారం నేను ఏలీశమ్మతో పుస్తకంలో ఉన్నదే చెప్పాలి, ఒక్క మాట కలపకూడదు అన్నాను. చెప్పించి విన్నాను. కలిపిన చోటల్లా ఆపి సరిదిద్దాను.

"మంచిది మేడం. సోలెడు పొయ్యిమంటె సోలెడే పోత్త," అంది.

అన్నట్టే చేసింది. నవంబరులో ఇష్యూలు డెబ్బై నాలుగు, డిసెంబరులో ముప్పై ఎనిమిది. పరీక్షలు, చలి, సెలవులు అని నాకు నేను కారణాలు చెప్పుకున్నాను. జనవరి మొదటి వారంలో రిజిస్టర్ ముందేసుకుని, నెలల వారీగా కాక పుస్తకాల వారీగా లెక్క వేశాను. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు ప్రతి శనివారం చెప్పిన పుస్తకం ఆ తర్వాతి వారంలో ఐదుసార్లకు తక్కువ పోలేదు. డిసెంబరులో చెప్పిన పుస్తకాల్లో ఒక్కటీ కదలలేదు. పుస్తకంలో ఉన్నదంతా ఉన్నట్టే విన్నాక, దానిలో వెతకడానికి వాళ్ళకు ఏమీ మిగల్లేదు. తప్పు నాది. లెక్క అంతకన్నా వేరే చెప్పలేదు.

ఏలీశమ్మ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ నీ ఇష్టం వచ్చినట్టే చెప్పు అన్నాను. ఆమె బకెట్ కింద పెట్టి నా వైపు చూసింది.

"కూరల ఉప్పు తియ్యిమంటివి, తీసిన. ఇప్పుడు సప్పగున్నదంటున్నవ్. తీసిన ఉప్పు ఏడ వెట్టిన్నో జర ఎతుక్కోనీ మేడం."

ఒక శనివారం పట్టింది వెతుక్కోవడానికి. జనవరి ఆఖరుకు ఇష్యూలు నూట పద్దెనిమిది.

ఇన్‌స్పెక్షన్ ఫిబ్రవరి 23, శనివారం అని తెలిసింది. ఇన్‌స్పెక్షన్‌కు ముందు ప్రతి విభాగమూ లాగ్ బుక్ నింపాలి. ఏ తేదీన, ఏ పీరియడ్‌లో, ఏ కార్యక్రమం, నిర్వహించింది ఎవరు, వారి హోదా ఏమిటి, ఇట్లా ఐదు గడులు. సెలవులు, పరీక్షలు పోగా కథల పీరియడ్ జరిగినవి పంతొమ్మిది శనివారాలు. పద్దెనిమిదో తేదీ సాయంత్రం నింపడానికి కూర్చున్నాను. నాలుగో గడిలో ఏలీశమ్మ పేరు రాయబోతే సుశీలాబాయి గారు ఆపారు. కంటింజెంట్ మనిషి చేత పీరియడ్ ఎట్లా చెప్పించారని ఆడిటు అభ్యంతరం వస్తుందని, గదీ పోతుంది, పోస్టూ పోతుందని అన్నారు.

"మీ పేరు రాయండి. మీరు పెట్టించిన పీరియడే కదా. ఏలీశమ్మ సంగతి మనందరికీ తెలిసిందే."

అందరికీ తెలిసినదానికి రికార్డులో విలువ లేదని నాకు అప్పటికి ఏడున్నరేళ్ళ సర్వీసులో బాగా తెలుసు. అయినా పంతొమ్మిది వరుసల్లో నా పేరూ, నా హోదా రాశాను. నా చేతి రాత గుండ్రంగా ఉంటుంది. పంతొమ్మిదీ ఒకేలా వచ్చాయి.

ఇన్‌స్పెక్టర్ గారు లైబ్రరీలో పదకొండు నిమిషాలు ఉన్నారు. కథ వినలేదు. ఇష్యూ రిజిస్టర్ తిప్పారు, లాగ్ బుక్ చూశారు. ఈ కథలు చెబుతున్నది మీరేనా అని అడిగారు. నేను జవాబు చెప్పేలోగా సుశీలాబాయి గారు అవునన్నారు. ఏలీశమ్మ అదే గదిలో టీ కప్పులు తీస్తున్నది. నేను దాన్ని సరిదిద్దలేదు. ఆయన అభినందించి, లైబ్రరీ చక్కగా నడుస్తున్నదని నాలుగు వాక్యాలు రాసి వెళ్ళిపోయారు.

"పోనీ మేడం," అంది ఏలీశమ్మ తర్వాత, "అర్రయితె నిలవడ్డది గదా. ఇగ పోస్టు గూడ అస్తది."

పోస్టు వచ్చింది. ఏలీశమ్మ ఇంకో ఏడాది శనివారాలు కథలు చెప్పాక, 1981 జూన్‌లో మంజూరు ఉత్తర్వు అందింది. అర్హత ఏడో తరగతి పాసు. ఇన్‌స్పెక్షన్ జరిగిన 1979-80 విద్యాసంవత్సరంలో లైబ్రరీ పనిలో ఉన్నట్టు బడి రికార్డు చూపిస్తే, ఆ అర్హత సడలించవచ్చు. సుశీలాబాయి గారు ఏలీశమ్మ పేరు పంపారు. జూలైలో కాగితం తిరిగి వచ్చింది. రికార్డులో ఆధారం లేదని రాసి ఉంది.

నేను జిల్లా కార్యాలయానికి మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి సెక్షన్ గుమస్తా మా లాగ్ బుక్ నకలు నా ముందు పెట్టాడు. మంచివాడే, నా వయసువాడు.

"అక్కా, గిది నీ రాతేనా?"

నాదే అన్నాను.

"పంతొమ్మిదిట్ల ఒక్కకాడన్న ఆమె పేరున్నా నేను జేస్తుంటి. ఇప్పుడు నువ్వు గిది తప్పని రాసియ్యాలె. రాసిస్తె ఇన్‌స్పెక్షన్ రిపోర్టు తప్పయితది. అప్పుడు ఫైలు నీ మీదికొస్తది, మీ పెద్ద మేడం మీదికొస్తది. ఆలోచన జేస్కో."

ఆలోచించాను. ఆగస్టు 3న ఆ ఉత్తరం రాశాను. నాలుగు వాక్యాలే. ఫలానా తేదీల్లో కథల పీరియడ్ నిర్వహించింది నేను కాదని, ఏలీశమ్మ అని, నా పేరు రాయడం నా తప్పని. అది చేతిసంచిలో పెట్టుకుని ఆగస్టు 29 వరకు బడికీ ఇంటికీ తిరిగాను. తప్పుడు పద్దు రాసినట్టు ఒప్పుకున్న లైబ్రేరియన్‌కు ఏమవుతుందో నాకు తెలుసు. సుశీలాబాయి గారికి ఇంకా పదినెలల సర్వీసు ఉంది. ఇవి కారణాలు. కారణాలు చెప్పడం వేరు, ఉత్తరం ఇవ్వడం వేరు. నేను ఇవ్వలేదు. సెప్టెంబరు 1న ఏడో తరగతి పాసైన మనిషి వేరే చోటి నుంచి వచ్చి ఆ పోస్టులో చేరాడు.

సంగతి ఏలీశమ్మకు నేనే చెప్పాను. ఉత్తరం సంగతి కూడా దాచలేదు. ఆమె చీపురు కట్ట విప్పి మళ్ళీ బిగించి కట్టుకుంది.

"ఊ కొట్టిన గదా మేడం, నువ్వు చదివితె. ప్రతి సుక్కురారం కొట్టిన," అంది.

ఆమె ఆ శనివారం కథ చెప్పడానికి రాలేదు. పిలిస్తే, నోరు నొస్తున్నదన్నది. తర్వాత ఎప్పుడూ రాలేదు. 1987 ఏప్రిల్ దాకా బడి ఊడ్చింది. ప్రతి వేసవికీ రఘునాథపల్లి వెళ్ళింది. ఆ ఏడాది జూన్‌లో తిరిగి రాలేదు. మోకాళ్ళు పూర్తిగా పట్టేశాయని వాళ్ళ ఊరి పిల్ల చెప్పింది.

శనివారాలు నేను చెప్పడానికి ప్రయత్నించాను. టీసీని కూడా రైలెక్కించాను. పిల్లలు మర్యాదగా ఊ కొట్టారు. మర్యాద ఊ ఎట్లా ఉంటుందో చెప్పేవాళ్ళకు తెలుస్తుంది. 1981-82లో ఇష్యూలు 612. 1984-85లో 240. అంతకు తగ్గలేదు, పెరగలేదు. గది మాత్రం ఉంది. వరండాలో కూర్చున్న సెక్షన్‌కు తర్వాత రేకుల షెడ్డు వేశారు.

నేను రిటైరైన రోజు చార్జి అప్పగించాను. పుస్తకాలు 2,702. అన్నీ లెక్కకు సరిపోయాయి. తీసుకున్న అమ్మాయి, ఇంత కచ్చితమైన రిజిస్టర్లు తాను చూడలేదన్నది. సంతకం పెట్టి, నాకు ఏ బాకీ లేదని సర్టిఫికెట్ ఇచ్చారు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు చెప్పవలసింది రెండు విషయాలు. పిల్లలు పుస్తకం దగ్గరికి రావాలంటే, విన్న కథకూ పుస్తకంలోని కథకూ మధ్య వాళ్ళు కొట్లాడుకోవడానికి జాగా వదలాలి. దాన్ని సరిదిద్దకూడదు. రెండవది, ఎవరు చేశారు అనే గడిని అన్నిటికన్నా ముందు నింపాలి, చేసినవాళ్ళ పేరుతోనే నింపాలి. అక్కడ ఒకసారి వేరే పేరు పడితే, తర్వాత అందరికీ తెలిసి ఉండటం ఎందుకూ పనికిరాదు.

1979-80 లాగ్ బుక్ ఆ బడి రికార్డు బీరువాలో ఇప్పటికీ ఉండి ఉంటుంది. ఎవరైనా తీసి చూస్తే, నాలుగో గడిలో గుండ్రని రాతలో నా పేరు కనిపిస్తుంది. ఆ పంతొమ్మిది శనివారాలు కథ చెప్పింది నేను కాదు.